చెంబుడు ఆముదం, నాలుగు చుట్లు

ఆముదం తాగిన మనిషి పరిగెత్తుతాడు. ఆముదం తాగిన కారు మాత్రం ఉన్నచోటి నుంచి అంగుళం కదలదు. ఈ తేడా నేను ఏ పుస్తకంలోనూ చదివి తెలుసుకోలేదు. మా కొండమ్మత్త ముప్పై ఎకరాల నల్లరేగడిని పణంగా పెట్టి, కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ దాకా ఉన్న జనమంతా చూస్తుండగా తెలుసుకున్నాను. ఆనాటి నా ఘనకార్యం గుర్తొస్తే, గదిలో ఒక్కణ్ణే ఉన్నా, ఇప్పటికీ తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుంటాను. మీరు మాత్రం మొహమాటపడకుండా నవ్వుకోండి. నవ్వనివాళ్ళకు ఈ కథవల్ల వేరే ప్రయోజనం ఏదీ లేదు.

అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. పంతొమ్మిదివందల ముప్పైల మొదటి రోజులు. మదురై కాలేజీలో చదువుతూ సెలవులకు వచ్చాను. కారు తోలడం ఒక స్నేహితుడి దగ్గర మూడు వారాలు నేర్చుకున్నాను. కారు గురించి మాట్లాడటం మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చేసింది. నా పెట్టెలో మోటారు బళ్ళ మరమ్మతు గురించి ఒక ఇంగ్లీషు పుస్తకం ఉండేది. అందులో సగం నాకు అర్థమయ్యేది. ఆ సగం ఏ సగమో తెలియకపోవడమే ఈ కథకు మూలం.

కొండమ్మత్త మా నాన్నకు అక్క. కోవిల్‌పట్టికి మూడు మైళ్ళ దూరంలో ఆమె ఊరు. మామ పోయి రెండేళ్ళయింది. ఆయన అత్తకు వదిలి వెళ్ళినవి రెండు: ముప్పై ఎకరాల పత్తి చేను, ఒక సీమ కారు. ఆ కారు ఒక జమీనులో కొత్తకోడలిలా వెలిగి, ముగ్గురు యజమానుల చేతులు మారి, ముసలితనంలో మామ దగ్గరకు చేరింది. ఫ్రాన్సులో చేశారట. పేరు పలకడం మాలో ఎవరికీ చేతకాక 'పెద్దవండి', అంటే పెద్దబండి, అనేవాళ్ళం. ఇత్తడి దీపాలు, ఎద్దు కొమ్ములంత మడ్‌గార్డులు, పట్టుపరుపు చిరిగి లోపలి గుర్రపు వెంట్రుకలు బయటికి చూసే సీట్లు. పోగొట్టుకున్నవాళ్ళ గొప్పతనం దాని ముఖంలో కనిపించేది. పత్తిగింజల కొట్టంలో నిలబడి రోజూ ఒక బొట్టు నూనె కార్చేది, పాతరోజులు తలచుకుని ఏడ్చినట్టు.

చేను మాత్రం ఏడవలేదు. అత్త ఆ రెండేళ్ళూ తనే దగ్గరుండి కరుంగణ్ణి రకం పత్తి పండించింది. అదే మామ తమ్ముడికి గిట్టలేదు. ఆయన నాకు వరసకు చిన్నమామ. “ఆడమనిషి కరిసల్‌కాడులో, ఈ నల్లరేగడిలో, వెవసాయం చేసేదా? నేలను నాకు కౌలుకు వదిలెయ్యి వదినా, ఇంట్లో సుకంగా కూచో” అని ఊరి పెద్దల ముందు పెట్టాడు. పెద్దలు తల గీరుకుని ఒక తీర్పు చెప్పారు. విరుదునగర్‌లో పత్తి ప్రదర్శన జరగబోతోంది. వ్యవసాయశాఖ దొర వచ్చి పత్తిని పరీక్షిస్తాడు. అక్కడ అత్త పత్తి మరిది పత్తికంటే మేలనిపించుకుంటే సాగు అత్తది. లేకుంటే మరిదిది. పత్తి మూట ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు కొట్టేలోగా అక్కడి బల్ల మీద ఉండాలి. పన్నెండు దాటితే బంగారప్పత్తి తెచ్చినా తీసుకోరు.

చిన్నమామ ముందురోజే ఎద్దులబండి కట్టుకుని వెళ్ళిపోయాడు. అత్త కూడా బండి కట్టించబోయింది. నేను అడ్డం పడ్డాను.

“ఇంట్లో పెద్దవండి పెట్టుకొని ఎద్దుబండిలో పోతారా అత్తా? పొద్దున ఏడుకు బయిలుదేరితే తొమ్మిదికి విరుదునగర్‌లో కాపీ తాగుతాము.”

“నాకు కాపీ వద్దురా రామూ. నా పత్తి పన్నెండుకు ముందర ఆ బల్ల మీద ఉండాల. ఈ వండి నిజంగా పోతాదా?”

“మామ పోయినంక దాని మనసు తెలిసినోడు నేనే.”

అత్త నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసింది. ఆ చూపు అర్థం అప్పుడే తెలిసి ఉంటే ఎద్దుల్ని నేనే కట్టేవాణ్ణి.

కారుకు ఒక్క జబ్బు ఉండేది. ఇంజనుకూ చక్రాలకూ నడుమ క్లచ్చి అని ఒకటి ఉంటుందని మీకు తెలుసు. ఆ కాలపు ఆ కారులో అది గరాటులాంటి ఇనుపదిమ్మ, దానిచుట్టూ తోలుపట్టీ. ఆ తోలు ఇంజను చక్రాన్ని కరుచుకుంటే బండి కదులుతుంది. కాలితో పెడలు తొక్కితే తోలు పట్టు విడుస్తుంది, ఇంజను తిరుగుతున్నా బండి నిలుస్తుంది. రెండేళ్ళు కొట్టంలో ఎండిన ఆ తోలు అప్పడంలా గట్టిపడింది. దాంతో బండి నెమ్మదిగా కదలడం మరిచిపోయి, పలుపు తెంచుకున్న కోడెదూడలా ఒక్కసారిగా ఎగిరి దూకేది. ముందురోజు ఉదయం కళ్ళం చుట్టూ ఒక చిన్న సవారీ చేస్తేనే అత్త కొప్పు ఊడి ఒళ్ళో పడింది.

పుస్తకం తీశాను. తోలు ఎండితే ఒక చెంచాడు ఆముదం పట్టించి నానబెట్టమని ఉంది. ఇంతవరకూ నాకు అర్థమైన సగమే. నేల పలకలు ఊడదీసి, క్లచ్చి కనబడేలా చేసి, అత్తను ఆముదం అడిగాను. ఆమె గిన్నెలో చెంచాడు తెచ్చింది.

“ఇది చాలదత్తా. చెంబు తెండి.”

“చెంచాడు అని చదివితివే.”

“అది సీమ చెంచా. అక్కడ ఎప్పుడూ వాన. ఇక్కడ కరిసల్ ఎండకు చెంచాడు ఏ మూలకు?”

చెంబుడు ఆముదం ధారగా పోశాను. అభిషేకం చేసే పూజారికి కూడా ఆనాటి నా తృప్తి ఉండదు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. కొండమ్మత్త కారుకు మందు వేస్తే ఉన్న కదలిక ఊడింది.

మర్నాడు ఏడు గంటలకు అత్త ఉతికిన తెల్లచీర కట్టుకుని, పత్తిమూటను పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. ముందర హ్యాండిలు తిప్పాను. నాలుగో తిప్పుకు ఇంజను లేచింది. ఎక్కి గేరు వేసి పెడలు వదిలాను. ఇంజను రంకె వేసింది. బండి కదల్లేదు. ఇంకొంచెం ఊపు ఇచ్చాను. ఇంజను వీరంగం వేసింది, కొట్టం పెంకులు అదిరాయి, కోళ్ళు గోడెక్కాయి. బండి మాత్రం పెళ్ళిచూపుల్లో పెళ్ళికూతురిలా తల వంచుకుని అక్కడే కూర్చుంది. కాళ్ళ దగ్గర నుంచి పొగ వచ్చింది.

“ఏమిరా రామూ, ఆముదం కాస్తాండావా?” అని వెనకనుంచి అత్త అడిగింది.

“తోలు మంచిది కాదత్తా” అన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తోలలేక తోలు ఓడన్నాను.

అత్త బండి దిగింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. ఎండ ఎంత పైకి వచ్చిందో చూసి, “ఎద్దు కడితే కూడా ఇంక చేరలేము” అని మాత్రం నెమ్మదిగా అంది. ఆమె వేళ్ళు మూట ముడిని పదేపదే సర్దుతున్నాయి. రెండేళ్ళు ఆ చేనులో ఎండకు నల్లబడిన వేళ్ళు.

తరవాత ఆమే చెప్పింది. “పోయి మాసానాన్ని పిలుచుకొని రా.”

మాసానం ఊరి తోలుపనివాడు. కపిల బావుల్లో నీళ్ళు తోడే తోలు తొండాలు కుట్టడంలో చుట్టుపక్కల పది ఊళ్ళలో అతణ్ణి మించినవాడు లేడు. ఇంట్లో మాలాగే తెలుగు మాట్లాడేవాడు, మాకంటే తక్కువ మాట్లాడేవాడు. వచ్చి నేలమీద కూర్చుని, పలకల సందులోంచి తొంగిచూసి, వేలితో తోలు తాకి, ఆ వేలు వాసన చూశాడు.

“ఎంత పోసినారు సామీ?”

“కొంచెం.”

“కొంచెమంటే?”

“చెంబుడు” అంది అత్త.

మాసానం కాసేపు తోలు కేసి జాలిగా చూశాడు. “తోలుకు దప్పి అయితే తడిచెయ్యి పెట్టాల సామీ. బాయిలో తోస్తే ఈత నేర్సుకోదు.”

పాత గుడ్డలతో తుడిచాడు, చెక్కతో గీకాడు. చేలో గట్టు దగ్గర ఎండిన నల్లమట్టి తెప్పించి, దంచి, పలచని బట్టలో జల్లించాడు. విభూదిలా మెత్తగా దిగింది. “మన మట్టికి నూనె కంటబడితే వదలదు” అంటూ చిటికెడు చిటికెడుగా తోలు మీద చల్లాడు. నేను చేత్తో క్లచ్చి తిప్పుతుంటే తోలు మెల్లగా మెరుపు తగ్గి ఆరింది.

“చాలు సామీ” అన్నాడు.

పాఠకులారా, ఇక్కడ బుద్ధిమంతుడైతే ఆగుతాడు. నేను ముందురోజు చెంబుతో ఏం నేర్చుకున్నానో చూడండి. “ఇంకొంచెం ఉండనీ” అని రెండు దోసిళ్ళ మట్టి నా చేతులతో నేనే గుమ్మరించాను. మాసానం చేతులు దులుపుకుని పక్కకు జరిగాడు. వానాకాలంలో మా మట్టి కాలిని పట్టుకుంటే చెప్పు వదులుకోవాలే తప్ప మట్టి వదలదన్న సంగతి నాకు తెలియక కాదు. ఆ క్షణంలో గుర్తు రాలేదు, అంతే.

పెడలు వదిలాను. పట్టింది. బండి కదిలింది. అప్పటికి తొమ్మిదిన్నర.

“మాసానం, నువ్వూ దా” అంది అత్త. అతను అలవాటుగా పక్క మెట్టుమీద కూర్చోబోయాడు. “ఆడ కాదు. ముందర కూచో. ఆ తోలు ఏమంటాదో నీకే తెలుసు. వీడికి తెల్దు.” మాసానం ఒక్క క్షణం తటపటాయించి, తువ్వాలు దులిపి, నా పక్కన కూర్చున్నాడు. దారిపొడుగునా జనం మా బండికంటే ఆ సీటునే ఎక్కువ చూశారు. అత్త ఎవరి చూపూ లెక్కచెయ్యలేదు.

రోడ్డెక్కాక రెండో గేరు, మూడో గేరు నెయ్యిలా పడ్డాయి. పెద్దవండి తన జమీను రోజులు తలచుకుని హుందాగా సాగింది. పాట కూడా అందుకున్నాను. సాత్తూరులో లేత దోసకాయలమ్మే ఆడవాళ్ళు రోడ్డుపక్క గంపలతో కనబడ్డారు.

“ఒక్క నిమిసం నిలుపురా, నాలుక ఎండుతాండాది” అంది అత్త.

పెడలు తొక్కాను. బండి నిలవలేదు. రెండు కాళ్ళతో తొక్కాను. నిలవలేదు. ఇంజను వేడికి ఆముదమూ నల్లమట్టీ కలిసి కాలి, తోలును ఇనుముకు అతికించేశాయి. గేరు కర్ర లాగాను. అదీ బిగుసుకుపోయింది. ఇక బ్రేకు. ఆ బ్రేకు వెనక చక్రాలకు మాత్రమే ఉండేది. తొక్కితే బండి ఆలోచించేది, ఒప్పుకునేది కాదు.

“నిలవదత్తా.”

“నిలవదంటే?”

“ఇందాక పట్టలేదు. ఇప్పుడు విడవడం లేదు.”

అత్త మూటను ఒళ్ళోకి ఇంకాస్త లాక్కుంది. “పోనీలే. మనకు కావలసిందీ నిలిచేది కాదు గదా” అంది. తరవాత దోసకాయల ఆమెను తమిళంలో కేకేసింది. ఆమె గంప నడుముకెత్తుకుని మా వెంట పరిగెత్తుతూనే ఆరు కాయలు ఏరి అందించింది. అత్త చిల్లర ఆమె గంపలోకే విసిరింది. అంత చక్కటి బేరం నిలబడి చేసినప్పుడు కూడా జరగలేదని అత్త తరవాత ఎన్నోసార్లు చెప్పింది.

వైప్పారు నది వంతెన దాటాం. పత్తిబళ్ళు బారులు తీరి ఎదురయ్యాయి. మా హారను రబ్బరు తిత్తి ఎప్పుడో చిరిగిపోయింది. అత్త వెనక సీట్లో లేచి నిలబడి, “ఒదుంగు, ఒదుంగు, వండి నిక్కాదు” అని అరిచింది. తప్పుకోండి, బండి ఆగదని ఆమె చెప్పిన తీరుకు ఎద్దులే ముందు తప్పుకున్నాయి, బండివాళ్ళు తరవాత తేరుకున్నారు.

ఇంకో అయిదు మైళ్ళకు రేడియేటరు మూత దగ్గర ఆవిరి బుసకొట్టింది. నీళ్ళు పొయ్యాలి. ఆపడం కుదరదు. నేను వేగం తగ్గించి ఎద్దుల పరుగుకు తెచ్చాను. మాసానం తను వెంట తెచ్చిన నీళ్ళ తోలుతిత్తి భుజాన వేసుకుని, తలుపు తెరిచి, పక్కమెట్టు మీదుగా మడ్‌గార్డు పట్టుకుని ముందుకు పాకాడు. తువ్వాలు చేతికి చుట్టి, ముఖం పక్కకు తిప్పి, మూత కొద్దికొద్దిగా సడలించి, ఆవిరి పోయాక నీళ్ళు పోశాడు. మళ్ళీ అలాగే పాకుతూ వచ్చి సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు.

“భయం కాలేదా?” అన్నాను.

“బాయి మీద వేలాడతా తొండం మార్సేటోణ్ణి సామీ. ఇది నేల మీదనే కదా పోతాండాది.”

విరుదునగర్ చేరేసరికి పన్నెండుకు అయిదు నిమిషాలు తక్కువ. ప్రదర్శన మైదానం నడుమ పెద్ద పందిరి, పందిరి కింద బల్ల, బల్ల వెనక గుమాస్తా, పక్కన కుర్చీలో కాలుమీద కాలు వేసుకుని మా చిన్నమామ. వదిన రాదన్న ధీమాతో ఆయన మీసం అప్పటికే విజయోత్సవం చేసుకుంటోంది. మా బండి మైదానంలోకి దూరింది. ఊపు పూర్తిగా తగ్గించినా కోడెల పరుగంత వేగం ఉంది. చేసేదేమీ లేక పందిరి చుట్టూ తిప్పాను.

మొదటి చుట్టులో అత్త తన పేరూ ఊరూ గుమాస్తాకు కేకేసి చెప్పింది. దిగివచ్చి చేవ్రాలు పెట్టాలని అతను కేకేసి బదులిచ్చాడు. “దిగేదానికి లేదు, నువ్వే రాప్పా” అంది అత్త. రెండో చుట్టులో పాపం అతను పుస్తకం పట్టుకుని మా పక్కన పరిగెత్తాడు. అత్త పెట్టిన సంతకం ఆమె గడిలో మొదలై, ఇద్దరు రైతుల గడులు దాటి, చిన్నమామ పేరు మీదుగా వెళ్ళి ముగిసింది.

“మూట బల్ల మీద ఉండాల అమ్మా” అన్నాడు అతను రొప్పుతూ. గంట కొట్టే జవాను సుత్తి అందుకోవడం నాకు కనబడింది.

“మాసానం” అంది అత్త. అంతే అంది.

మూడో చుట్టులో మాసానం లేచి నిలబడి, మూటను రెండు చేతులా ఊపి విసిరాడు. మూట గాలిలో తేలి వెళ్ళి నేరుగా చిన్నమామ ఒళ్ళో పడింది. ఆయన బిత్తరపోయి చూస్తుంటే గుమాస్తా, “అయ్యా, బల్ల మీద పెట్టండి, టైమయింది” అని కసిరాడు. కసిరితే చెప్పినట్టు చేసే అలవాటు మనిషికి చిన్నప్పటి నుంచీ ఉంటుంది. చిన్నమామ లేచి, వదిన పత్తిని తన రెండు చేతులతో తనే బల్ల మీద పెట్టాడు. గంట కొట్టింది.

నాలుగో చుట్టు మొదలైంది. నా చేతులు చక్రానికి అతుక్కుపోయాయి. పెట్రోలు అయిపోయేదాకా ఇలాగే తిరగాలి కాబోలని లెక్క వేస్తున్నాను. అప్పుడు మాసానం నా ముందునుంచి చెయ్యి చాపి, చక్రం పక్కనున్న ఒక ఇత్తడి మీటను కిందికి తిప్పాడు.

ఇంజను టప్పున ఆగింది. బండి నాలుగడుగులు ఈడ్చుకుని నిలిచింది.

అది ఇంజనుకు నిప్పురవ్వ ఆపే మీట. ప్రతిసారీ ఇంజను ఆపడానికి నేను తిప్పేది అదే. ముందురోజు కళ్ళంలో కూడా తిప్పాను. సాత్తూరు నుంచి విరుదునగర్ దాకా అది నా మోకాలికి మూరెడు దూరంలో తళతళలాడుతూనే ఉంది.

జనం చప్పట్లు కొట్టారు. మా తిరుగుడు ప్రదర్శనలో ఒక భాగమనుకున్నారట. దొరగారు స్వయంగా వచ్చి, ఇంత ముసలి బండిని ఇంత నిలకడగా తోలడం ఎక్కడ నేర్చుకున్నావని ఇంగ్లీషులో అడిగాడు. పుస్తకం చూసి నేర్చుకున్నానని వినయంగా చెప్పాను.

మధ్యాహ్నం ఆయన పత్తి పరీక్షించాడు. ఒక్కొక్క మూటలోంచి దూది పీకి, వేళ్ళ మధ్య దువ్వి, పోగు పొడుగు చూసుకుంటూ వచ్చాడు. అత్త మూట దగ్గర రెండుసార్లు పీకాడు. మూడోసారి పీకి పక్కవాడికి చూపించాడు. అత్త కదలకుండా నిలబడింది. కాసేపటికి గుమాస్తా లేచి పేరు చదివాడు. మొదటి పేరు అత్తది. పై సంవత్సరం సర్కారు వ్యవసాయ ఫారానికి విత్తనం కూడా ఆమె చేనునుంచే తీసుకుంటామన్నారు. చిన్నమామ పేరు అయిదోది.

ఆయన చాలాసేపు మీసంతో మాట్లాడుకుని, చివరికి అత్త దగ్గరకు వచ్చాడు. “వదినా, వచ్చే ఏటికి నాకూ కొంచెం విత్తనం ఇస్తావా?”

“ఇస్తా మరిదీ. నేల నువ్వే దున్నుకోవాల” అంది అత్త. నవ్వలేదు. ఆమె కళ్ళు మాత్రం నవ్వాయి, ఆ వెంటనే తడిశాయి. చీర కొంగుతో దుమ్ము తుడుచుకున్నట్టు తుడుచుకుంది.

కారు నీడన కూర్చుని ముగ్గురం దోసకాయలు తిన్నాం. గెలిచిన దోసకాయ రుచి వేరు. అయినా నాలో ఒక ముల్లు గుచ్చుతూనే ఉంది. ఆగలేక అడిగాను.

“మాసానం, ఆ మీట తిప్పితే వండి నిలుస్తాదని నీకు ముందే తెలుసా?”

“తెలుసు సామీ. నిన్న కళ్ళంలో మీరు తిప్పితే చూస్తిని కదా.”

“అయితే మొదటి సుట్టులోనే ఎందుకు తిప్పలేదు?”

మాసానం దోసకాయ నమలడం ఆపాడు. “దారిలో నిలిపితే మళ్ళా లేస్తాదో లేదో అని ఊరుకొంటిని. ఈడ మీరు పందిరి సుట్టూ తిరగతా ఉంటిరి. ఏదో మొక్కుబడి అనుకొంటిని. సామి కారియంలో నేను చెయ్యి పెడితే బాగుండదని, మూడు సుట్లు అయినంక తిప్పితిని.”

నేను అత్తవైపు తిరిగాను, న్యాయం దొరుకుతుందేమోనని. అత్త కాయ తొడిమ తుంచుతూ, “నేనూ అట్లనే అనుకొంటినిరా. లేకుంటే సుట్టు సుట్టుకూ నేనెందుకు దణ్ణం పెట్టుకొంటాను?” అంది.

అప్పుడే, విరుదునగర్ మైదానంలో, నల్లమట్టి అంటిన కుడిచేయి గుండెమీద వేసుకుని, ఆకాశాన్నీ భూమినీ ఒక కుంటి పెద్దవండినీ సాక్షిగా పెట్టుకుని నేను ఘోరప్రతిజ్ఞ చేశాను: ఎలా ఆపాలో తెలియనిదేనినీ ఈ జన్మలో మొదలుపెట్టను. ఆ ప్రతిజ్ఞ నేటికీ తప్పలేదు. కావాలంటే చూడండి, ఆపేస్తున్నాను.